వెబ్ కొరకు ఛాయాచిత్రాల సామూహిక పరిమాణ మార్పు

ఛాయాచిత్రాల సామూహిక పరిమాణ మార్పు అనగా పదుల, వందల సంఖ్యలో ఉన్న డిజిటల్ ఫొటోలను ఒక్కొక్కటిగా తెరవకుండా, కొలతలు, నాణ్యత, ఫైలు రకం వంటి నియమాలను ఒక్కసారి నిర్ణయించి, ఆ నియమాల ప్రకారం అన్నిటికీ చిన్న నకళ్ళను తయారు చేయించే ప్రక్రియ. ఇలా తయారైన నకళ్ళను వెబ్‌సైటులో ఉంచడానికి అనువైన ఫైళ్ళుగా వేరొక చోట భద్రపరచడాన్ని ఎగుమతి అంటారు. ఫొటోషాప్, లైట్‌రూమ్, గింప్, ఇర్ఫాన్‌వ్యూ, ఎక్స్ఎన్‌కన్వర్ట్, ఇమేజ్‌మ్యాజిక్ మొదలైన సాఫ్టువేరుల ద్వారా ఈ పని చేయవచ్చు.

ఈ ప్రక్రియలో ఫొటోలోని సమాచారంలో అధికభాగం తొలగిపోతుంది. చిన్న బొమ్మ నుండి అసలైన పెద్ద బొమ్మను తిరిగి రాబట్టడం సాధ్యం కాదు. ఒక ఫొటోను విడిగా మార్చేటప్పుడు పొరపాటు జరిగితే నష్టం ఆ ఒక్కదానికే పరిమితమవుతుంది. సామూహిక ప్రక్రియలో అదే పొరపాటు కొన్ని నిమిషాలలో వందల ఫొటోలకు జరుగుతుంది. కనుక మూలచిత్రాలను తాకకుండా, నకళ్ళు వేరే ఫోల్డరులో చేరేలా చూడటం ఈ పనిలో మొదటి నియమం.

అవసరం

12 మెగాపిక్సెళ్ళ కెమెరా తీసే ఫొటో కొలతలు సాధారణంగా 4000 × 3000 పిక్సెళ్ళు, అనగా మొత్తం 1,20,00,000 పిక్సెళ్ళు. 1920 × 1080 కొలతలు గల కంప్యూటరు తెరపై ఉండే పిక్సెళ్ళు 20,73,600 మాత్రమే. అంటే తెర మొత్తాన్నీ ఆక్రమించినా, ఫొటోలోని పిక్సెళ్ళలో దాదాపు ఆరింట ఒక వంతు మాత్రమే ఒకేసారి కనబడతాయి. మిగిలినవాటిని బ్రౌజరు దిగుమతి చేసుకొని, తెరకు సరిపోయేలా తానే కుదించి చూపుతుంది. చూసేవారికి తేడా తెలియదు కాని, ఆ ఫైలు మొత్తం వారి కంప్యూటరుకో, ఫోనుకో చేరవలసిందే.

ఉదాహరణకు ఒక్కొక్కటి 5 మెగాబైట్లు ఉన్న 30 ఫొటోలను ఒకే పేజీలో ఉంచినట్లయితే ఆ పేజీ బరువు 150 మెగాబైట్లు అవుతుంది. సెకనుకు 2 మెగాబిట్ల వేగం గల కనెక్షనులో అవి పూర్తిగా దిగడానికి 10 నిమిషాలు పడుతుంది. అవే ఫొటోలను ఒక్కొక్కటి 250 కిలోబైట్లకు తగ్గిస్తే మొత్తం 7.5 మెగాబైట్లు అవుతుంది. 30 సెకన్లలో దిగుతాయి. రోజుకు ఇంత డేటా అని కొనుక్కొని ఫోనులో చూసే పాఠకునికి ఈ తేడా సమయంలోనే కాక ఖర్చులో కూడా తెలుస్తుంది.

పేజీలో బొమ్మను ఉంచేటప్పుడు వెడల్పు, ఎత్తు చిన్నవిగా రాసినంత మాత్రాన ఈ బరువు తగ్గదు. ఆ అంకెలు బొమ్మ ఎంత చోటులో కనబడాలో మాత్రమే చెబుతాయి. దిగుమతి అయ్యేది మాత్రం పూర్తి ఫైలే.

కొన్ని సందర్భాలలో ఫైలు బరువుకు కచ్చితమైన హద్దు ఉంటుంది. బ్యాంకు ఉద్యోగ నియామక పరీక్షల దరఖాస్తులలో అభ్యర్థి ఫొటో 20 నుండి 50 కిలోబైట్ల మధ్య ఉండాలన్న నిబంధన ఇందుకు ఉదాహరణ.

మౌలిక భావనలు

కొలతలు, బరువు

ఫొటో కొలత, ఫైలు బరువు అనేవి రెండు వేర్వేరు విషయాలు. కొలత అంటే అడ్డంగా, నిలువుగా ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయన్నది. బరువు అంటే ఆ ఫైలు ఎన్ని బైట్ల చోటును ఆక్రమిస్తుందన్నది. 4000 × 3000 ఫొటోలో ఒక్కొక్క పిక్సెలుకు మూడు బైట్ల చొప్పున 3,60,00,000 బైట్లు, అనగా 36 మెగాబైట్లు అవసరం. సంపీడనం వలన ఇది మామూలుగా కొద్ది మెగాబైట్లకు తగ్గుతుంది. కాబట్టి బరువును రెండు విధాలుగా తగ్గించవచ్చు: పిక్సెళ్ళ సంఖ్యను తగ్గించడం, లేదా సంపీడనాన్ని పెంచడం. వెబ్ కొరకు ఈ రెండూ కలిపి చేస్తారు.

4000 × 3000 ఫొటోను 1600 × 1200కు తగ్గిస్తే పిక్సెళ్ళ సంఖ్య 19,20,000 అవుతుంది. పొడవు 40 శాతానికి తగ్గినా, పిక్సెళ్ళు 16 శాతానికి తగ్గుతాయి. పొడవు, వెడల్పు రెండూ తగ్గడం వలన ఇలా జరుగుతుంది.

డీపీఐ గురించిన అపోహ

"వెబ్ కొరకు ఫొటోను 72 డీపీఐకి మార్చాలి" అన్న సలహా చాలాకాలంగా ప్రచారంలో ఉంది. డీపీఐ అనేది అంగుళానికి ఎన్ని చుక్కలు అచ్చు వేయాలో తెలిపే సంఖ్య. అది ముద్రణకు సంబంధించినది. వెబ్ పేజీలో బొమ్మ పరిమాణాన్ని బ్రౌజరు పిక్సెళ్ళలోనే లెక్కిస్తుంది. 1600 × 1200 పిక్సెళ్ళ ఫొటోలో ఈ సంఖ్య 72 ఉన్నా, 300 ఉన్నా పేజీలో ఒకే విధంగా కనబడుతుంది, బరువూ మారదు. అయితే ఈ సంఖ్యను మార్చేటప్పుడు "రీశాంపుల్" అన్న గడిలో టిక్కు ఉంటే కొన్ని సాఫ్టువేరులు పిక్సెళ్ళను కూడా తగ్గిస్తాయి. 300 నుండి 72కు మార్చామనుకున్నవారి 4000 పిక్సెళ్ళ వెడల్పు ఆ విధంగా 960కి పడిపోతుంది.

పిక్సెళ్ళను తగ్గించే పద్ధతులు

పెద్ద బొమ్మలోని అనేక పిక్సెళ్ళ నుండి చిన్న బొమ్మలోని ఒక్క పిక్సెలు రంగును లెక్కగట్టాలి. ఇందుకు పలు గణిత పద్ధతులు ఉన్నాయి.

సమీప పిక్సెలు పద్ధతి: దగ్గరలోని ఒక్క పిక్సెలును ఉన్నదున్నట్లు తీసుకొని మిగిలినవాటిని వదిలివేస్తుంది. వేగం ఎక్కువ, నాణ్యత తక్కువ. వాలుగా ఉన్న గీతలు మెట్లుమెట్లుగా కనబడతాయి.

బైలీనియర్: చుట్టూ ఉన్న నాలుగు పిక్సెళ్ళ ఆధారంగా లెక్కిస్తుంది. బొమ్మ కొద్దిగా మెత్తబడుతుంది.

బైక్యూబిక్: చుట్టూ ఉన్న 16 పిక్సెళ్ళను లెక్కలోకి తీసుకుంటుంది. ఫొటోలకు విరివిగా వాడే పద్ధతి ఇది.

లాంజోస్: హంగేరీలో జన్మించిన గణితవేత్త కార్నీలియస్ లాంజోస్ పేరు మీదుగా వచ్చింది. సన్నని వివరాలను బాగా నిలుపుతుంది.

సరైన పద్ధతిని ఎంచుకోనప్పుడు చీర అంచులోని సన్నని నేత, కిటికీ చువ్వలు, పెంకుటింటి కప్పు వంటి వరుసల మీద అసలు లేని అలల వంటి చారలు ఏర్పడతాయి. దీనిని మోయిరే అంటారు.

జేపెగ్ సంపీడనం

జేపెగ్ ప్రమాణం 1992లో వెలువడింది. దీనికి ఆధారమైన గణిత పద్ధతి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. దీనిని బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావులు 1974లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ప్రతిపాదించారు. జేపెగ్‌లో బొమ్మను 8 × 8 పిక్సెళ్ళ గడులుగా విభజిస్తారు. ఒక్కొక్క గడిలోని 64 విలువలను ఈ పద్ధతి ద్వారా స్థూలమైన మార్పులు, సూక్ష్మమైన మార్పులు అని వేరుపరుస్తారు. మనిషి కన్ను అంతగా గుర్తించలేని సూక్ష్మమైన మార్పులను ముతకగా రాసుకోవడమో, పూర్తిగా వదిలివేయడమో చేస్తారు. ఫైలు బరువు తగ్గడానికి ప్రధాన కారణం ఇదే.

నాణ్యత అంకె ఎంత తక్కువైతే వదిలివేసే సమాచారం అంత ఎక్కువ. మరీ తగ్గిస్తే ఆకాశం వంటి నునుపైన చోట్ల గడులు గడులుగా, అక్షరాల అంచుల చుట్టూ దుమ్ము రేగినట్లుగా కనబడుతుంది. వెబ్ ఫొటోలకు నూటికి 75 నుండి 85 మధ్య ఉన్న నాణ్యత సాధారణంగా సరిపోతుంది. అయితే ఈ అంకెకు అన్ని సాఫ్టువేరులలో ఒకే అర్థం లేదు. ఫొటోషాప్‌లో జేపెగ్‌గా భద్రపరిచేటప్పుడు నాణ్యతను 0 నుండి 12 వరకు కొలుస్తారు; అదే సాఫ్టువేరులోని "సేవ్ ఫర్ వెబ్"లో 0 నుండి 100 వరకు కొలుస్తారు. నాణ్యత 100 అని ఉన్నంత మాత్రాన నష్టం అసలు లేదని కాదు.

జేపెగ్ ఫొటోను తెరిచి మార్పు చేసి మరల భద్రపరిచిన ప్రతిసారీ సంపీడనం మళ్ళీ జరుగుతుంది. ఒకసారి కుదించిన నకలు నుండి ఇంకొక నకలు తయారు చేస్తే నష్టం పేరుకుపోతుంది. ఎన్ని కొలతలలో నకళ్ళు కావలసినా ప్రతి నకలునూ మూలచిత్రం నుండే తీయాలి.

ఫైలు రకాలు

జేపెగ్: ఫొటోలకు ఎక్కువగా వాడేది. అన్ని బ్రౌజర్లలోను కనబడుతుంది.

పీఎన్‌జీ: 1996లో వచ్చింది. సమాచారం నష్టపోకుండా సంపీడనం చేస్తుంది. పటాలు, గీతల బొమ్మలు, అక్షరాలున్న తెరపట్లకు అనువైనది. ఫొటోలను ఇందులో భద్రపరిస్తే ఫైలు జేపెగ్ కంటె చాలా పెద్దది అవుతుంది.

జిఫ్: 1987లో వచ్చింది. ఒక బొమ్మకు 256 రంగుల పరిమితి ఉన్నందువలన ఫొటోలకు పనికిరాదు.

వెబ్‌పీ: గూగుల్ 2010లో ప్రకటించింది. దాదాపు సమానమైన నాణ్యతకు జేపెగ్ కంటె సాధారణంగా తక్కువ బరువు ఉంటుంది. సఫారీ బ్రౌజరు 2020లో దీనిని చూపడం ప్రారంభించిన తరువాత ప్రధాన బ్రౌజర్లన్నిటిలో వాడుకకు వచ్చింది.

ఏవీఐఎఫ్: 2019లో వెలువడింది. బరువు ఇంకా తగ్గుతుంది కాని ఎగుమతికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

హెచ్ఈఐసీ: 2017 నుండి ఐఫోన్లు ఫొటోలను ఈ రకంలో భద్రపరుస్తున్నాయి. చాలా బ్రౌజర్లు దీనిని చూపలేవు కనుక వెబ్‌లో ఉంచే ముందు జేపెగ్‌గానో, వెబ్‌పీగానో మార్చుకోవాలి.

మూలచిత్రం, నకలు

సమాచారం ఎంత తొలగిపోతుందో ఒక శిలాశాసనపు ఫొటో ఉదాహరణతో తెలుసుకోవచ్చు. 4000 పిక్సెళ్ళ వెడల్పు ఉన్న ఫొటోలో శాసనం సగం వెడల్పును ఆక్రమించినదనుకుందాం. ఒక్కొక్క పంక్తిలో 40 అక్షరాలు ఉంటే ఒక్కొక్క అక్షరానికి 50 పిక్సెళ్ళ వెడల్పు లభిస్తుంది. అరిగిపోయిన గుడి, వొత్తు కూడా శ్రద్ధగా చూస్తే పోల్చుకోవచ్చు. అదే ఫొటోను 640 పిక్సెళ్ళకు కుదిస్తే ఒక్కొక్క అక్షరానికి మిగిలేది 8 పిక్సెళ్ళు. శాసనం ఉన్న సంగతి తెలుస్తుంది కాని, చదవడం అసాధ్యం. ఆ తరువాత రాయి పగిలినా, గుడి జీర్ణోద్ధరణలో సున్నం కింద పడిపోయినా, పెద్ద ఫొటో ఒక్కటే ఆధారంగా మిగులుతుంది. దానిపై చిన్న ఫొటోను రాసివేసినట్లయితే ఆ ఆధారమూ పోయినట్లే.

కుటుంబ ఫొటోల విషయమూ ఇంతే. అచ్చుకు సాధారణంగా అంగుళానికి 300 పిక్సెళ్ళు లెక్కిస్తారు. 4000 పిక్సెళ్ళ ఫొటోను 13 అంగుళాల వెడల్పున ముద్రించవచ్చు. 800 పిక్సెళ్ళ నకలును అదే స్పష్టతతో ముద్రించాలంటే వెడల్పు మూడు అంగుళాలకు కూడా చాలదు. వెబ్‌లో చక్కగా కనబడిన ఫొటో, స్మారక సంచికకు పంపినప్పుడు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

చిన్న బొమ్మను సాఫ్టువేరు ద్వారా మరల పెద్దది చేసినప్పుడు పిక్సెళ్ళ సంఖ్య పెరుగుతుంది కాని పోయిన వివరం రాదు. కృత్రిమ మేధను వాడే కొత్త సాఫ్టువేరులు స్పష్టమైన బొమ్మనే తయారు చేసినా, అవి చేర్చే వివరాలు ఊహించినవి. శాసనంలోని అక్షరానికి గాని, మనిషి ముఖానికి గాని అటువంటి ఊహ ప్రమాణం కాజాలదు.

వాట్సాప్ ద్వారా మామూలుగా పంపిన ఫొటోలు కూడా కుదింపబడే అవతలివారికి చేరతాయి. అటువంటి ఫొటోను మూలచిత్రంగా భావించరాదు. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపినట్లయితే ఫైలు మారకుండా చేరుతుంది.

పని జరిగే క్రమం

ఒక పాఠశాల వార్షికోత్సవంలో రెండు కెమెరాలతో తీసిన 240 ఫొటోలను వెబ్‌సైటు కొరకు సిద్ధం చేయవలసి ఉన్నదనుకుంటే, పనిని ఈ క్రమంలో చేయవచ్చు.

1. ఫొటోలన్నిటినీ "మూలచిత్రాలు" వంటి పేరు గల ఫోల్డరులో ఉంచి, దాని నకలును ఇంకొక డిస్కులో భద్రపరచాలి.

2. వెబ్‌లో ఉంచదగినవాటిని ఎంపిక చేయాలి. కళ్ళు మూసుకున్నవి, కదిలిపోయినవి, ఒకే దృశ్యం మరల మరల ఉన్నవి వదిలితే బరువు తగ్గించే పని సగం పూర్తయినట్లే.

3. వంకర సరిచేయడం, అంచులు కత్తిరించడం, వెలుగు సరిదిద్దడం వంటి మార్పులను పూర్తి పరిమాణంలో ఉన్న నకళ్ళపైనే చేయాలి.

4. నకళ్ళు చేరవలసిన కొత్త ఫోల్డరును ఎంచుకోవాలి. మూలచిత్రాల ఫోల్డరునే గమ్యంగా ఇవ్వరాదు.

5. పొడవైన అంచుకు హద్దు నిర్ణయించాలి. పూర్తి తెరలో చూసేవాటికి 1600 నుండి 2000, వ్యాసం మధ్యలో వచ్చేవాటికి 800 నుండి 1200 పిక్సెళ్ళు సరిపోతాయి.

6. ఉన్న కొలతల కంటె పెద్దది చేయవద్దన్న గడిలో టిక్కు పెట్టాలి. లేనిచో 640 × 480 కొలతలున్న పాత ఫొటో కూడా 1600 పిక్సెళ్ళకు సాగి మసకబారుతుంది.

7. రంగుల ప్రమాణాన్ని ఎస్ఆర్‌జీబీగా నిర్ణయించాలి.

8. కుదింపు తరువాత కొద్దిగా పదును పెంచాలి. కుదించినప్పుడు అంచులు మెత్తబడతాయి కనుక ఇది అవసరం. కుదించక ముందు పెట్టిన పదును కుదింపులో చాలావరకు పోతుంది.

9. మూడు నాలుగు ఫొటోలతో పరీక్షించి చూడాలి. ఒకటి నిలువుది, ఒకటి అడ్డంది, ఒకటి చీకటిలో తీసినది, ఒకటి అక్షరాలున్నది అయితే మంచిది. ఫలితం బాగుంటేనే మొత్తం 240 ఫొటోలకు ప్రక్రియను నడపాలి.

10. చివరగా నకళ్ళ సంఖ్యను ఎంపిక చేసిన ఫొటోల సంఖ్యతో సరిచూడాలి.

అయిదవ అంశంలో వెడల్పుకు బదులు పొడవైన అంచును తీసుకోవడానికి కారణం ఉంది. వెడల్పు 1200 అని మాత్రమే నిర్ణయిస్తే అడ్డం ఫొటో 1200 × 900 అవుతుంది కాని నిలువు ఫొటో 1200 × 1600 అవుతుంది. నిలువు ఫొటోలో పిక్సెళ్ళు దాదాపు 78 శాతం అధికం, పైగా తెర ఎత్తును దాటిపోతుంది. పొడవైన అంచు 1200 అంటే నిలువు ఫొటో 900 × 1200 అవుతుంది. రెంటి బరువూ సమంగా ఉంటుంది. పొడవు, వెడల్పు రెంటినీ విడివిడిగా ఇచ్చి నిష్పత్తిని కాపాడే గడిని వదిలివేస్తే మనుషులు సాగినట్లో, నొక్కినట్లో కనబడతారు.

పదవ అంశంలోని సరిచూపుకు కూడా కారణం ఉంది. కెమెరాలు ఫైళ్ళ పేర్లకు 0001 నుండి 9999 వరకు వరుస సంఖ్యలు ఇచ్చి మరల మొదటికి వస్తాయి. ఒకే తయారీదారు కెమెరాలు రెండింటిలో ఒకే పేరు గల ఫొటోలు ఉండే అవకాశం ఉంది. వాటి నకళ్ళు ఒకే ఫోల్డరులో చేరేటప్పుడు ఒకదానిపై ఇంకొకటి రాయబడవచ్చు. పేర్లకు ముందు కెమెరా గుర్తునో, తేదీనో చేర్చేలా నియమం పెడితే ఈ చిక్కు రాదు.

సాఫ్టువేరులు

ఫొటోషాప్

థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫొటోషాప్‌ను అడోబి సంస్థ 1990లో విడుదల చేసింది. ఒకసారి చేసిన పనుల వరుసను నమోదు చేసి మరల నడిపించే "యాక్షన్స్" సదుపాయం 1996లో వచ్చిన నాలుగవ సంచికతో చేరింది. వెబ్ కొరకు ఎగుమతి చేసే "సేవ్ ఫర్ వెబ్" 1999లో 5.5 సంచికతో వచ్చింది. ఫైల్ మెనూలోని స్క్రిప్ట్స్ వరుసలో ఉండే "ఇమేజ్ ప్రాసెసర్" సామూహిక కుదింపుకు సులభమైన మార్గం. ఒక ఫోల్డరును చూపి, కొలతల హద్దు, నాణ్యత ఇస్తే నకళ్ళను విడిగా ఒక ఉపఫోల్డరులో చేరుస్తుంది. ఎస్ఆర్‌జీబీకి మార్చే గడి కూడా అందులోనే ఉంటుంది.

లైట్‌రూమ్

2007లో విడుదలైన లైట్‌రూమ్‌లో ఫొటోలకు చేసిన మార్పులన్నీ ఒక జాబితాలో సూచనలుగా నమోదవుతాయి, మూలచిత్రంలోని పిక్సెళ్ళు మారవు. ఎగుమతి చేసినప్పుడు మాత్రమే ఆ సూచనల ప్రకారం కొత్త ఫైళ్ళు తయారవుతాయి. పొడవైన అంచు, నాణ్యత, ఫైలు బరువు హద్దు, తెరకు తగిన పదును, మెటాడేటా ఎంపికలు అన్నీ ఒకే కిటికీలో ఉంటాయి. వీటిని ఒక పేరుతో భద్రపరచుకొని మరల వాడుకోవచ్చు. స్వేచ్ఛా సాఫ్టువేరు అయిన డార్క్‌టేబుల్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

గింప్

స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే విద్యార్థులు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో 1995లో గింప్ రచనను ప్రారంభించారు. 2012లో వచ్చిన 2.8 సంచిక నుండి "సేవ్", "ఎక్స్‌పోర్ట్" అనే రెండు పనులను వేరుచేశారు. గింప్ సొంత ఫైలు రకంలో భద్రపరచడం మొదటిది. జేపెగ్, పీఎన్‌జీ వంటివి తయారు చేయడం రెండవది. సామూహిక కుదింపుకు బింప్ అనే అనుబంధాన్ని చాలామంది వాడారు. 2025లో వచ్చిన 3.0 సంచికలో అనుబంధాల నిర్మాణం మారినందున పాత సంచికల కొరకు రాసినవి మార్పులు లేకుండా అందులో పనిచేయవు.

ఇర్ఫాన్‌వ్యూ, ఎక్స్ఎన్‌కన్వర్ట్

బోస్నియాలో జన్మించిన ఇర్ఫాన్ స్కిల్యాన్ రూపొందించిన ఇర్ఫాన్‌వ్యూ 1996 నుండి లభిస్తున్నది. విండోస్‌లో మాత్రమే పనిచేసే చిన్న సాఫ్టువేరు ఇది; వ్యాపారేతర వాడుకకు ఉచితం. ఫైల్ మెనూలోని "బ్యాచ్ కన్వర్షన్" ద్వారా కొలతలు, పేర్లు రెండూ ఒకేసారి మార్చవచ్చు. పాత కంప్యూటర్లలో సైతం వేగంగా పనిచేస్తుంది. ఎక్స్ఎన్‌కన్వర్ట్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోను పనిచేస్తుంది.

విండోస్ పవర్‌టాయ్స్

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని "ఇమేజ్ రీసైజర్" ద్వారా, ఫొటోలను ఎంపిక చేసి మౌసు కుడిమీట నొక్కి కుదించవచ్చు. నకళ్ళు తయారు చేయకుండా మూలచిత్రాలనే మార్చే గడి ఒకటి ఇందులో ఉంది; దానిలో టిక్కు లేకుండా చూసుకోవాలి.

ఇమేజ్‌మ్యాజిక్

డ్యూపాంట్ సంస్థలో పనిచేస్తుండగా జాన్ క్రిస్టీ 1987లో రూపొందించిన ఇమేజ్‌మ్యాజిక్, 1990లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆదేశాలను టైపు చేసి నడిపించే ఈ సాఫ్టువేరు వేల ఫొటోలకు అనువైనది. దీనిలోని "మోగ్రిఫై" ఆదేశం, వేరే ఫోల్డరును సూచించనట్లయితే, కొత్త ఫొటోను అదే పేరుతో పాతదానిపై రాసివేస్తుంది. ఫైలు రకాన్ని మార్చనప్పుడు మూలచిత్రాలన్నీ ఒక్క ఆదేశంతో పోయే ప్రమాదం ఉంది.

పికాసా

2004లో గూగుల్ కొనుగోలు చేసిన పికాసా, పలువురికి సామూహిక ఎగుమతిని పరిచయం చేసిన ఉచిత సాఫ్టువేరు. మార్పులను భద్రపరిచినప్పుడు మూలచిత్రాన్ని ఒక దాగిన ఫోల్డరులో ఉంచేది. గూగుల్ 2016లో దీనిని నిలిపివేసింది.

రంగుల ప్రమాణం

ఒకే ఫొటో ఒక్కొక్క తెరపై ఒక్కొక్క విధంగా కనబడకుండా ఉండేందుకు రంగుల ప్రమాణాలు ఏర్పడ్డాయి. హ్యూలెట్ పాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో ప్రతిపాదించిన ఎస్ఆర్‌జీబీ 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అడోబి ఆర్‌జీబీ ప్రమాణంలో ఎక్కువ రంగులు ఇముడుతాయి కాని, ఆ వివరం తొలగిపోయిన ఫొటోను బ్రౌజరు ఎస్ఆర్‌జీబీగా భావించి చూపుతుంది. అప్పుడు పసుపు, కుంకుమ వంటి నిండు రంగులు వెలిసిపోయినట్లు కనబడతాయి. ఎగుమతి సమయంలోనే ఎస్ఆర్‌జీబీకి మార్చడం దీనికి పరిష్కారం.

మెటాడేటా

ఫొటో ఫైలులో బొమ్మతో పాటు తీసిన తేదీ, సమయం, కెమెరా పేరు మొదలైన వివరాలు ఎగ్జిఫ్ రూపంలో ఉంటాయి. వీటిలో మూడింటిని ఎగుమతి సమయంలో ప్రత్యేకంగా గమనించాలి.

దిశ: కెమెరాను నిలువుగా పట్టుకొని తీసినప్పుడు పిక్సెళ్ళు అడ్డంగానే నమోదై, "తిప్పి చూపాలి" అన్న సూచన మాత్రం ఎగ్జిఫ్‌లో చేరడం సాధారణం. పిక్సెళ్ళను తిప్పకుండా మెటాడేటాను తొలగిస్తే ఫొటోలో మనుషులు పక్కకు పడుకున్నట్లు కనబడతారు.

స్థలం: ఫోనులో స్థల నమోదు అనుమతించి ఉంటే, ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు ఫైలులో ఉంటాయి. ఇంటిలో తీసిన పిల్లల ఫొటోను అలాగే వెబ్‌లో ఉంచితే ఇంటి చిరునామా కూడా వెల్లడించినట్లే. ఇటువంటి ఫొటోల నుండి స్థల వివరాలను తొలగించాలి. దీనికి భిన్నంగా, చారిత్రక కట్టడాల ఫొటోలకు స్థల వివరాలు విలువైనవి.

హక్కులు: ఫొటో తీసినవారి పేరు, కాపీహక్కు వివరం ఉంచుకోవడం మంచిది. మెటాడేటాను పూర్తిగా తీసివేస్తే ఇవి కూడా పోతాయి. చాలా సాఫ్టువేరులలో స్థల వివరాలను మాత్రమే తొలగించే ఎంపిక ఉంది.

ఫైళ్ళ పేర్లు

విండోస్‌లో ఆంగ్ల పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు తేడా లేదు. లినక్స్‌పై నడిచే సర్వర్లలో తేడా ఉంది. అందువలన ఇంటి కంప్యూటరులో కనబడిన బొమ్మ వెబ్‌సైటులో కనబడకపోవచ్చు. ఎగుమతిలోనే పేర్లన్నిటినీ చిన్నబడికి మార్చుకోవడం క్షేమం.

యూనికోడ్ ద్వారా తెలుగు పేర్లు కూడా పెట్టవచ్చు. అయితే వెబ్ చిరునామాలో సంకేతాలుగా మారినప్పుడు ఒక్కొక్క తెలుగు అక్షరం లేదా గుణింతపు గుర్తు తొమ్మిది ఆంగ్ల అక్షరాల చోటు తీసుకుంటుంది. "తిరుపతి" అన్న పేరులో అక్షరాలు, గుర్తులు కలిపి ఏడు; అది చిరునామాలో 63 అక్షరాలు అవుతుంది.

కుదించకూడని సందర్భాలు

ముద్రణకు, భద్రపరచడానికి, పరిశోధనకు ఉద్దేశించిన ఫొటోలను కుదించరాదు. 2004లో ప్రారంభమైన వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించే ఫొటోలకు కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ ఫొటోను లభ్యమైన పూర్తి కొలతలలో ఎక్కించవలసిందిగా సూచిస్తారు. వ్యాసంలో కనబడే చిన్న బొమ్మను సర్వరే తయారు చేసి పాఠకునికి పంపుతుంది. అందువలన పెద్ద ఫొటోను ఎక్కించినా వ్యాసం తెరుచుకోవడం ఆలస్యం కాదు. బొమ్మపై నొక్కి పూర్తి ఫైలును తెరిచిన వారికి మాత్రం, ఊరి శాసనంలోని అక్షరమైనా, పాత తరగతి ఫొటోలో వెనుక వరుసలో నిలబడిన విద్యార్థి ముఖమైనా, కెమెరా చూసినంత వివరంగా లభిస్తుంది.